తొమ్మిదో రీలు

మా ఇంట్లో టీవీ ఒకటే. దాని మీద అభిప్రాయాలు మాత్రం మూడు. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది, ఒకటి మా కోడలిది. మా అబ్బాయికి అభిప్రాయం లేదు. వాడికి పెళ్ళయింది.

నా అభిప్రాయం బరువెంతో ముందు మీకు తెలియాలి. నేను సినిమా హాల్లో ముప్పై అయిదేళ్ళు ప్రొజెక్టరు ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మీరంతా ఒక సినిమాని ఒకసారి చూసి బాగుందనో బాగాలేదనో తేల్చేస్తారు. నేను అదే సినిమాని గోడకున్న జానెడు కిటికీలోంచి రోజుకి నాలుగాటలు, యాభై రోజులు చూసి అప్పుడు నోరు విప్పేవాణ్ణి. ఒకసారి విప్పాక మూసేవాణ్ణి కాననేది మా ఆవిడ ఫిర్యాదు.

నేను చెప్పేది ఒక్కటే. పాత సినిమాలే సినిమాలు. ఇప్పటివాటిలో తెరంతా చీకటి. గడ్డాన్ని బట్టి విలన్ని పోల్చుకుందామంటే హీరోకీ గడ్డమే. మా రోజుల్లో హీరో ఒక్క గుద్దు గుద్దితే విలన్ మర్యాదగా కింద పడేవాడు. ఇప్పుడు గాల్లోకి లేచి, రెండు పల్టీలు కొట్టి, అక్కడే కాసేపు ఆలోచించుకుని మరీ పడుతున్నాడు. ఆ చప్పుడుకి ఎవరు ఎవర్ని ఏమన్నారో వినపడదు. బయటికొచ్చాక ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకోవాలి.

మా ఆవిడ అభిప్రాయం ఏడు గంటలకి మొదలవుతుంది. ఆవిడ చూసే సీరియల్లో ఒకావిడ మూడు వారాలుగా చేతిలో ఉత్తరం పట్టుకుని నిలబడి ఉంది. విప్పదు. కెమెరా ముందు ఆవిణ్ణి చూస్తుంది, తర్వాత అత్తగారిని, తర్వాత గుమ్మాన్ని. ఈలోగా ఓ ఉరుము. కిటికీ బయట ఎండ కాస్తూనే ఉంటుంది, ఉరుములు మాత్రం ఇంటి లోపలే.

"విప్పమనవే, చదివేస్తే నేను కూడా ఓ పనైపోయిందనుకుంటాను," అన్నాను ఓ రోజు.

"మీరు ముప్పై ఏళ్ళ నుంచి ఆ అటక సర్దుతానంటున్నారు. నేను తొందరపెట్టానా?" అంది.

మా కోడలు ఆస్పత్రిలో నర్సు. ఆ పిల్లది వేరే పద్ధతి. సినిమాని ఫోన్లో ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తుంది. పాటొస్తే దాటేస్తుంది, ఏడుపొస్తే దాటేస్తుంది. నా కళ్ళెదుటే రెండున్నర గంటల సినిమాని యాభై నిమిషాల్లో ముగించి చెయ్యి కడుక్కుంది.

"అమ్మాయీ, ఒక్కో బొమ్మా ఒకడి కష్టం. ఒక్క క్షణం దాటేసినా తీసినవాడి గొంతు నులిమినట్టే," అన్నాను.

"నాకు మళ్ళీ డ్యూటీ ఉంది మావయ్యగారూ," అని ఇంకో సినిమా మొదలుపెట్టింది.

ఇలా ఎవరి చోట వాళ్ళు సుఖంగానే ఉండేవాళ్ళం. ఇంతలో ఒక చానెల్ వాళ్ళు రోజూ సాయంత్రం ఓ పాత సినిమా వేస్తామని ప్రకటించారు. ఎన్నింటికనుకున్నారు? సరిగ్గా ఏడింటికి.

నా పాట్లు ఏం చెప్పమంటారు! రిమోటులో బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాను. ఆవిడ గోడ గడియారంలోవి తీసి రిమోటులో వేసింది. దాంతో సీరియల్ వచ్చింది, టైము ఆగిపోయింది, కోడలు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది. తిట్లు మాత్రం నేను తిన్నాను. ఇక ఏడు గంటల్ని బలంతో కాదు, వాదనతో గెలవాలని తేల్చుకున్నాను. అందుకు నా దగ్గర తిరుగులేని ఆయుధం ఒకటుంది. దాన్ని మా వాళ్ళు 'రైలు సినిమా' అంటారు. మొదటి సీనులో రైలొస్తుంది కాబట్టి ఆ పేరు.

కథ ఇద్దరన్నదమ్ములది. అన్న కర్కోటకుడు. తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. ఎనిమిదో రీలు చివర గదిలోకి వెళ్ళి, "ఈ ఇంట్లో వాడి పేరెత్తకూడదు" అని ధడాలున తలుపేసుకుంటాడు. వెంటనే తలుపు తెరుచుకుంటుంది. అదే అన్న గొడుగు పట్టుకుని, కళ్ళ నీళ్ళతో, వానలో తమ్ముణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు!

ఎందుకు మారాడు? చెప్పరు. అదీ గొప్పతనం! తలుపు మూసి తెరిచే ఆ రెప్పపాటులో ఒక మనిషి మారిపోయాడు. కారణం మన ఊహకి వదిలేశాడు దర్శకుడు. ఈ రోజుల్లో ఎవడికుందండీ అంత ధైర్యం? దీని మీద నేను మా వీధి గ్రంథాలయంలో ఎన్నిసార్లు ఉపన్యాసమిచ్చానో లెక్కలేదు. 'మౌనం' అని నేను మొదలుపెట్టగానే, నన్ను అన్నయ్యా అని పిలిచే మా వీధి టైలరు జేబురుమాలు తీసేవాడు. ఆ సినిమాని మా హాల్లో పదకొండుసార్లు చూసిన భక్తుడు వాడు. ఆ గ్రంథాలయంలో నన్ను 'సినిమా మాస్టారు' అంటారు. రిటైరైనవాడికి అంతకంటే ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం ఇదంతా మా ఆవిడకి ఇంకోసారి వివరించాను. "చూశావా, మీ సీరియల్లో మూడు వారాలు పట్టేది మావాడు ఒక్క తలుపు చప్పుడులో తేల్చేశాడు!"

"మౌనమేంటండీ? వదిన వచ్చి చెప్పింది కదా!"

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నలభై ఏళ్ళుగా ఈవిడది ఇదే మాట.

"ఏ వదినే?"

"పెద్దవాడి పెళ్ళాం. పుట్టింట్లో వదిలేసి ఉంటాడు. తిరిగొచ్చి నాలుగు మాటలు అడుగుతుంది, దాంతో మారతాడు."

"పెద్దవాడికి అసలు పెళ్ళే కాలేదు!"

"మరి తర్వాత గోడ మీద పెద్ద ఫోటో ఉంటుంది, అదెవరిది?"

"వాళ్ళమ్మది."

"కొడుకులకంటే పదేళ్ళు చిన్నదిగా ఉందేంటీ అమ్మ?"

"వయసులో ఉన్నప్పుడు తీయించుకుంది! నువ్వు ఇంకేదో సినిమా చూసి ఇందులో కలిపేశావు. నేను దాన్ని రెండొందలసార్లు వేశానే!"

"అయితే పందెం," అంది మా ఆవిడ. "సినిమా తెప్పించండి. అందరి ముందూ చూద్దాం. వదిన లేకపోతే ఏడు గంటలు మీవి. ఉంటే నావి. ఆపైన సీరియల్ గురించి మీ నోట ఒక్క మాట రాకూడదు."

ఆవిడ అంత తేలిగ్గా ఏడు గంటల్ని పణంగా పెట్టిందంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. పైగా ఆవిడ మీద జాలేసింది.

గడియారాలు బాగుచేసే మా బావమరిదికి పాత సినిమాలు సంపాదించే పిచ్చి ఉంది. వాడి కొట్టుకి వెళ్ళాను. "బావా, టీవీ వాళ్ళు కత్తిరించింది కావాలా, మొత్తం ఉన్నది కావాలా?" అన్నాడు.

"మొత్తం! ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను," అన్నాను.

వాడు నావంక అదోలా చూశాడు. ఆ రోజు అందరూ నన్ను అదోలానే చూశారు. అదంతా గౌరవమనే అనుకున్నాను.

ఆదివారం పొద్దున పదింటికి మా ముందుగది హాలుని మించిపోయింది. సోఫాలో నలుగురు పట్టేచోట ఆరుగురు కూర్చున్నారు. టైలరు తన కొట్లోని బల్ల మోయించుకొచ్చాడు. గ్రంథాలయం బలగం మొత్తం ఎనిమిదిమంది, అందరూ ఆ సినిమాని మా హాల్లో చూసినవాళ్ళే. ఎనిమిదిమంది సాక్షులూ నా వైపే. మా ఆవిడ వైపు మా ఆవిడ ఒక్కతే, కత్తిపీట ముందేసుకుని చిక్కుళ్ళు తరుగుతూ కూర్చుంది.

నేను లేచి చిన్న ఉపన్యాసమిచ్చాను. "మధ్యలో ఎవరూ లేవకూడదు. ఎవరూ మాట్లాడకూడదు. సినిమా అంటే మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా ఒకటే ప్రాణం." అని, అందరూ చూస్తుండగా మా కోడలి ఫోను తీసుకుని బీరువాలో పెట్టాను. చప్పట్లు కొట్టారు.

రైలొచ్చింది. పాటలొచ్చాయి. తమ్ముణ్ణి వెళ్ళగొట్టడం అయిపోయింది. ఎనిమిదో రీలు చివరికొచ్చింది. తెర కుడిచేతి పై మూలలో నల్లచుక్క తటుక్కున మెరిసి మాయమైంది. అది ఆపరేటరుకి సైగ, ఒక మిషను ఆపి రెండో మిషను అందుకోమని. పదేళ్ళయింది రిటైరై, అయినా నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది.

"అందరూ సిద్ధంగా ఉండండి," అన్నాను. టీవీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాను. బొమ్మ నాకు కంఠతా వచ్చు. నేను చూడాలనుకున్నది వాళ్ళ మొహాల్ని.

"ఈ ఇంట్లో వాడి పేరెత్తకూడదు." ధడాల్! తలుపు.

"మౌనం!" అన్నాను చెయ్యెత్తి.

"ఏమండీ," అంది ఆడగొంతు.

"ఉండవే, సరిగ్గా ఇప్పుడే పిలవాలా?" అన్నాను.

"నేను పిలవలేదు," అంది మా ఆవిడ, చిక్కుళ్ళ మీంచి తలెత్తకుండా.

జనం వైపు చూశాను. ఎనిమిది నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. టైలరు జేబురుమాలు సగం దాకా తీసి ఆగిపోయాడు. మెల్లిగా వెనక్కి తిరిగాను. గుమ్మంలో చేతిసంచీతో ఒకావిడ నిలబడి ఉంది.

"ఎవరావిడ?" అన్నాడు టైలరు.

"వదిన," అంది మా ఆవిడ.

నేను అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "ఇది మోసం!" అన్నాను. "ఈ మధ్య కంప్యూటర్లొచ్చాక ఎవర్ని పడితే వాళ్ళని సినిమాలో దూరుస్తున్నారు. ఈవిణ్ణి కొత్తగా చేర్చారు!"

"అవునవును, చేరుస్తున్నారు," అన్నాడు టైలరు నమ్మకంగా.

మా ఆవిడ చిక్కుళ్ళు తరుగుతూనే వదినకంటే ఒక మాట ముందు నడిచింది. ఇక్కడ ఈవిడ "తోడబుట్టినవాణ్ణి" అనేది, అక్కడ ఆవిడ అందుకునేది. ఇక్కడ ఈవిడ నిట్టూర్చేది, అక్కడ ఆవిడ నిట్టూర్చేది. కంప్యూటరు మా ఆవిణ్ణి కూడా చేర్చలేదు కదా!

ఎలాగైనా ఆ సీను దాటించాలని రిమోటు లాక్కుని ముందుకి నొక్కాను. కంగారులో అది వెనక్కి నొక్కుకుంది. ధడాల్! తలుపు. "ఏమండీ!" వదిన మళ్ళీ వచ్చింది. ఇంకో మీట నొక్కాను. వదిన సగం మాట్లాడి, మంచం పట్టి, ప్రాణం విడిచి, లేచి, మళ్ళీ గుమ్మంలోకొచ్చింది. ఆ పది నిమిషాల్లో పాపం ఆవిడ మూడుసార్లు పోయింది. మూడోసారి పోయినప్పుడు మా ఆవిడ నా చేతిలోంచి రిమోటు తీసుకుని పక్కన పెట్టింది. తలుపు తెరుచుకుంది. అన్న గొడుగు పట్టుకుని వానలోకి బయల్దేరాడు. గోడ మీద ఫోటోలో వదిన నవ్వుతోంది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు అసలైన మౌనం అదే.

నాకప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఎందుకు గుర్తు రాలేదంటే ఏం చెప్పను? ముప్పై అయిదేళ్ళలో అలాంటివి ఎన్ని చేశాను! ఆ సినిమా పదహారు రీళ్ళు. మా హాలుకి రీళ్ళ పెట్టె వచ్చిన రోజు మ్యాట్నీకి ముందే, అన్ని రీళ్ళ మొదలూ చివరా వెలుతురుకి పట్టి చూశాను. ఎనిమిది చివర తలుపు మూసుకుంటోంది. పది మొదట్లో తలుపు తెరుచుకుంటోంది. తొమ్మిది తీసేస్తే అతుకు ఎవరికీ కనపడదు. అంతే, దాన్ని డబ్బాలోనే ఉంచేశాను. ఆ రీల్లో ఏముందో నేనే చూడలేదు.

దర్శకుడి మౌనం కాదు బాబూ అది, నా చేతివాటం. నలభై ఏళ్ళు నన్ను నేనే పొగుడుకున్నాను!

"అన్నయ్యా," అన్నాడు టైలరు. నా మొహంలోకే చూస్తున్నాడు. "ఈ రీలు నువ్వు తీసేశావా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. మొహం సహకరించలేదు.

"పదకొండుసార్లు చూశాను ఆపరేటరు గారూ!" అన్నాడు. అన్నయ్య కాస్తా ఆపరేటరు గారైపోయాడు. "పదకొండుసార్లూ వదిన లేకుండానే ఏడ్చాను! పెద్దవాడు గొప్పవాడు, తనంతట తనే మారాడని మా అన్నకి చెప్పి, నువ్వూ అలాగే మారరా అని పోట్లాడాను!"

ఆ మాటతో కట్ట తెగింది. రిటైరైన పోస్టుమాస్టరు లేచాడు. "మరి ఆ డాక్టరు సినిమాలో రోగి చచ్చిపోయి, తర్వాతి సీన్లో పాట పాడాడు. అది?"

"అది... రీళ్ళు అటూ ఇటూ అయ్యాయి," అన్నాను.

"ఆ జమీందారు సినిమాలో హంతకుడెవరో చెప్పకుండానే శుభం వేశారు!"

"అది ఆఖరి రీలండీ. నలిగిపోతే చివరి ముక్క ఒక్కటే వేశాను."

"ముప్పై ఏళ్ళుగా నేను దాని గురించి ఆలోచిస్తున్నానయ్యా! రాజకీయమేమో, పేరు చెప్పడానికి భయపడ్డారేమో అనుకున్నాను!"

ఎనిమిదిమంది సాక్షులూ ఒక్కసారిగా బాధితులైపోయారు. ఎవరి జీవితంలో ఏ ముక్క పోయిందో లెక్కలు తీస్తున్నారు. బల్ల మీద నుంచి ఒకరు, సోఫా చెయ్యి మీద నుంచి ఒకరు, నేను మాత్రం గోడకి చేరగిలబడ్డాను. మా కోడలు బీరువా తెరిచి తన ఫోను తీసుకుంది.

"మావయ్యగారూ, నేను నా ఒక్కదానికే దాటేసుకున్నాను. మీరు ఊరంతటికీ దాటించేశారు కదా!" అంది.

సినిమా మాస్టారు అనే బిరుదు ఆ గదిలో అప్పుడే నేలకి రాలిపోయింది. నిజం చెబుతున్నా, ఏడు గంటలు పోయినందుకు కాదు, వీళ్ళ ముందు ఇక నోరెత్తలేనే అన్నందుకు బాధేసింది.

అప్పుడు మా ఆవిడ కత్తిపీట మడిచి లేచింది.

"మా ఆయన్ని ఏమీ అనకండి," అంది. "ఆ రీలు నా కోసం తీశారు."

కత్తిపీట గోడకి చేరేసి మొదలుపెట్టింది.

"కొత్త కాపురం. ఊరవతల రెండు గదులు, చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు. నేను తలుపుకి ట్రంకుపెట్టె అడ్డంపెట్టి కూర్చునేదాన్ని. రాత్రి రెండో ఆట వదిలేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. ఈయన నడిచి గంటన్నరకి వచ్చేవారు. ఆట పది నిమిషాలు ముందు వదిలితే బస్సు దొరుకుతుంది. అందుకని తీశారు. పొద్దున మళ్ళీ ఎక్కించడం మర్చిపోయి ఉంటారు, మతిమరుపు కొత్తేం కాదుగా."

మర్చిపోలేదు, పగటి ఆటలకి కూడా ఎక్కించకుండా బద్ధకించాను. ఆ మాట నేను అప్పుడు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

టైలరు జేబురుమాలు పూర్తిగా బయటికి తీశాడు. "ఈ వదినగారి కోసం ఆ వదినని తీసేశావా అన్నయ్యా!" అని కళ్ళు తుడుచుకున్నాడు. పన్నెండోసారి.

పోస్టుమాస్టరు మాత్రం కరగలేదు. "అది సరే. జమీందారు సినిమా కూడా అమ్మగారి కోసమేనా?" అన్నాడు. చివరికి ఒక తీర్పు చెప్పారు. నేను ముక్కలు తీసిన సినిమాలన్నీ మా బావమరిది సంపాదించాలి. ఆదివారానికొకటి చొప్పున మా ముందుగదిలో, ఏ ముక్కా తగ్గకుండా వేయాలి. వచ్చినవాళ్ళందరికీ టీ నేనే కాచి ఇవ్వాలి. ఉపన్యాసాలు రద్దు. గుర్తున్నంతవరకు జాబితా రాశాను. ముప్పై రెండు సినిమాలు తేలాయి. ఇంకా గుర్తొస్తున్నాయి.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతూ అడిగాను.

"నీకు ఇదంతా ముందే తెలుసా?"

"మీరే చెప్పారుగా అప్పుడు, ఒక రీలు తీసేశాను, ఇక రోజూ బస్సుకి వచ్చేస్తాను అని."

"ఏ రీలో ఎలా తెలిసింది?"

"పెళ్ళికి ముందే మా ఊళ్ళో ఆ సినిమా చూశాను. తర్వాత మీరే ఓ రోజు మ్యాట్నీకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. వదిన కోసం చూస్తున్నాను, రాదే! అప్పుడర్థమైంది."

"మరి నేను తీసిన రీలు అదేనని అప్పుడే చెప్పి చావొచ్చుగా! నలభై ఏళ్ళు నన్ను వాగనిచ్చావు!"

"చెబితే ఊరుకునేవారా? అయ్యయ్యో, కథంతా అందులోనే ఉందే అని మర్నాడే మళ్ళీ ఎక్కించేసేవారు. మీ సినిమా పిచ్చి నాకు తెలీదూ? అందుకే ఆ పెట్టె మీ హాలు నుంచి వెళ్ళిపోయేదాకా నేను నోరెత్తలేదు. తర్వాత వదిన ఉందని చెబితే మీరెక్కడ విన్నారు?" చిక్కుళ్ళ గిన్నె ఎత్తుకుంటూ అంది. "ఆ వదిన అంటే నాకూ ఇష్టమేనండీ. కానీ మీరు బస్సు దిగి వస్తుంటే చెప్పుల చప్పుడు సందు మొదట్లోనే వినపడేది."

నేను ఆ గిన్నె ఆవిడ చేతిలోంచి అందుకుని వంటింట్లో పెట్టొచ్చాను.

ఏడయింది. రిమోటు తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టి, పక్కనే కూర్చున్నాను.

"మీరెందుకు కూర్చున్నారు? పందెం ఓడిపోయారుగా, ఒక్క మాట అనకూడదు."

"అననులే, ఊరికే కూర్చున్నా."

ఒక్క మాట అనలేదు. ఉరుములు ఉరిమాయి, అత్తగారు చూసింది, గుమ్మం చూసింది. మా ఆవిడ నా భుజానికి ఆనుకుని చూసింది. చూస్తుండగానే అయిపోయింది. చెప్పొద్దూ, ఇంకో పది నిమిషాలు సాగదీస్తే వీళ్ళ సొమ్మేం పోయిందనిపించింది.